తంగేడు చెక్క, వాటిల్ చెక్క

(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మా తెలుగు ఊయలలో వచ్చినది కాదు. పగలంతా ఇంగ్లీషులో పాఠాలు చెప్పి, సాయంకాలం పిల్లల బెంచీమీద ఇరుక్కుని కూర్చుని నేర్చుకున్నది. తప్పులు దొర్లితే మన్నించండి. పాటలకు, కోలాటానికి మధ్య తోళ్ళను గురించి మాట్లాడతామని అడిగితే, కార్యదర్శిగారు ఒక నిమిషం మా ముఖం చూచి, "సరే మాస్టారూ, కొంచెం క్లుప్తంగా" అన్నారు. క్లుప్తత బడిపంతుళ్ళకు చేతకాని విద్య. అయినా ప్రయత్నిస్తాము.

కొన్ని సంవత్సరాల క్రిందట మా తాతగారి ఓడ పట్టీ నకలు సంపాదించాము. 1860లో మొదలైన ఆ కూలీ ఓడలు 1911లో ఆగిపోయినవి. మా తాతగారు ఆ చివరి రోజులలో, ఐదేండ్ల బాలుడుగా, తల్లిదండ్రులతో మద్రాసు రేవులో ఎక్కి డర్బన్‌లో దిగారు. పట్టీలో పేరు, తండ్రి పేరు, వయస్సు, జిల్లా ఉన్నవి. కులం అన్న గడిలో "మాదిగ" అని ఉన్నది. ఆ మాట మా నాన్నగారు మాకు ఎన్నడూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో మీలో చాలామందికి తెలుసును. మేము ఆయనను తప్పు పట్టము. కాని అరవై ఏండ్లు దాటిన తరువాత ఇక దాచవలసిన పని లేదనిపించి, మా ముత్తాతలు చేసిన పని ఏమిటో తెలుసుకోవాలని కూర్చున్నాము. అందులో ఇంత రసాయన శాస్త్రం ఉన్నదని అనుకోలేదు.

పచ్చితోలు తడిగా ఉంటే కుళ్ళుతుంది, ఎండితే చెక్కలా బిగిసి విరుగుతుంది. ఈ రెండూ కాకుండా చేయడమే పదును. మన ఊళ్ళలో ముందు సున్నపు నీళ్ళలో నానబెట్టి వెంట్రుకలు తీసేవారు. తరువాత లందలో తంగేడు చెక్క కషాయంలో వేసేవారు. కొన్నిచోట్ల తోలునే సంచిలా కుట్టి, అందులో చెక్కా నీళ్ళూ నింపి వ్రేలాడదీసేవారు. కషాయం మెల్లగా తోలుగుండా ఊరి క్రిందికి దిగేది. వగరుకు కారణమైన టానిన్ అనే పదార్థం తోలులోని నారపోగులను పట్టుకుని, నీటిని వెళ్ళగొట్టి, ఆ చోట తాను నిలుస్తుంది. అంతే సంగతి. పచ్చి అరటికాయ కొరికితే నాలుక బిగుసుకుంటుంది చూడండి, అదే పని.

తంగేడును మీరు బతుకమ్మ పూవుగా ఎరుగుదురు. ఆ పసుపు పూల పొద బెరడే దక్షిణ భారతపు తోళ్ళ వర్తకానికి ఆధారముగా ఉండెడిది. ఆ చెక్కతో పదునైన తోళ్ళు మద్రాసునుండి లండన్ బజారుకు వెళ్ళేవి. చివరలో కరక్కాయ నీళ్ళు పెట్టడం వారి సొంత నేర్పు. తంగేడు తోలు ఎండ తగిలితే ఎర్రబడుతుంది. కరక్కాయ దానిని అడ్డి, రంగును తేట చేస్తుంది. ఈ తెలివి ఏ కళాశాలలోనూ పుట్టలేదు. దానిని కనిపెట్టినవారిని ఊరి చివర ఉంచి, వారు కుట్టిన చెప్పులు మాత్రం ఊరంతా తొడుక్కున్నది.

ఇక మన నాటాల్ సంగతి. 1864లో జాన్ వాండర్‌ప్లాంక్ అనే ఆయన ఆస్ట్రేలియానుండి నల్ల వాటిల్ విత్తనాలు తెచ్చి క్యాంపర్‌డౌన్ దగ్గర నాటాడు. నీడకు, కట్టెలకు అని. కొద్దికాలంలోనే బెరడు విలువ తెలిసి తోటలు కొండలెక్కినవి. తంగేడు చెక్కలో నూటికి ఇరవై పాళ్ళ లోపు టానిన్ ఉంటే, మంచి వాటిల్ చెక్కలో ముప్పయి దాటుతుంది. అందువలన మద్రాసు టానరీలవారు ఓడలమీద మన నాటాల్ చెక్కను తెప్పించుకున్నారు. తంగేడు వెనుకబడిపోయినది.

మా తాతగారు పెద్దవాడై చేసిన పని ఏమిటో ఇప్పుడు చెబుతాము. పీటర్‌మారిట్జ్‌బర్గ్ పైన ఉన్న తోటలలో వాటిల్ బెరడు ఒలవడం. వానకాలంలో చెట్టులో రసం ఆడుతున్నప్పుడు బెరడు పొడుగు పట్టీలుగా లేచి వస్తుంది. అట్లా ఆయన ఒలిచిన చెక్క ఓడ దిగిన మద్రాసులోనే, ఆయన తండ్రి ఎరిగిన తంగేడు చెక్కకు గిరాకీ తగ్గినది. ఆయనకు ఆ సంగతి తెలుసునో లేదో మాకు తెలియదు. 1946లో భారతదేశం దక్షిణాఫ్రికాతో వర్తకం నిలిపివేసినది. తరువాత నీలగిరులలోను, పళని కొండలలోను వారే వాటిల్ పెంచుకున్నారు.

మా నాన్నగారు చెక్కనుండి సారం తీసే మిల్లులో పని చేశారు. ఆయన అరచేతులు సబ్బుకు లొంగని గోధుమ రంగు. పెచ్చు లేచిన ఇనుప గిన్నెలో చేతులు కడిగితే నీళ్ళు నల్లబడేవి. అమ్మ అది మసి అని తోమేది. టానిన్‌కు ఇనుము తగిలితే నల్ల సిరా అవుతుందని మేము పాఠం చెప్పే రోజులలో గ్రహించాము. మా పిల్లలకు చిక్కటి టీలో తుప్పు మేకు వేసి ఈ వింత చూపిస్తూ ఉంటాము. చెక్కతో పదునైన తోలుమీద తడి ఇనుము పెడితే మచ్చ పడేది ఇందుకే.

చెక్క పదును నెలల తరబడి పని. ఆ తోలు దిట్టంగా, గట్టిగా ఉంటుంది. చెప్పు అట్టకు, జీను సామానుకు దానికి సాటి లేదు. కాని మరిగే నీళ్ళలో వేస్తే ముడుచుకుపోతుంది. 1884లో షుల్ట్జ్, 1893లో డెన్నిస్ అనే అమెరికా వారు క్రోమియం లవణాలతో పదును పద్ధతులు తెచ్చారు. ఒక రోజులో పని పూర్తి. తోలు నీలి రంగులో, మెత్తగా, పలుచగా వస్తుంది. మరుగు నీటికి కూడా తట్టుకుంటుంది. మద్రాసు ఆర్ట్స్ స్కూలులో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ 1903లో క్రోము పదును మొదలుపెట్టినప్పుడు, ఆ తోలుతో చేయించిన వస్తువులలో మోట బొక్కెన ఒకటి. నీళ్ళలో నిత్యం నానే తోలుకు అది బాగుగా పనికివచ్చినది.

మరి కాలుష్యం? ఇక్కడ మా మిత్రులు కొందరు తొందరపడి "చెక్క మంచిది, క్రోము విషం" అంటారు. అంత తేలిక కాదు. మామూలు పద్ధతిలో తొట్టిలో వేసిన క్రోములో నూటికి అరవై, డెబ్బది పాళ్ళే తోలు పుచ్చుకుంటుంది, మిగిలినది కాలువలో పోతుంది. తోలులో ఉండే క్రోమియం ఒక రూపం. అదే మరొక రూపంలోకి మారితే క్యాన్సర్ కలిగించే విషం. కాని చెక్క కషాయం కూడా గంగాజలం కాదు. నల్లటి ఆ నీరు ఏటిలో కలిస్తే ప్రాణవాయువును హరిస్తుంది, తొందరగా కుళ్ళదు. ఇక ఏ పదునుకైనా ముందు వాడే ఉప్పు, సున్నం, సల్ఫైడు ఉన్నవి. పచ్చితోలు చెడకుండా చల్లిన ఉప్పు కడిగితే వెళ్ళి భూమిలో దిగుతుంది. దానిని తీసే ఉపాయం బహు ఖరీదు.

తమిళనాడులో పాలారు ఒడ్డున అంబూరు, వాణియంబాడి, రాణిపేట పొలాలకు జరిగినది ఇదే. టానరీల ప్రాంతంలో సుమారు 35,000 హెక్టార్ల సాగుభూమి కొంతగానో పూర్తిగానో చెడిపోయినదన్న లెక్క సుప్రీంకోర్టు 1996 తీర్పులో ఉన్నది. పాడు చేసినవాడే ఖర్చు భరించవలెనని ఆ తీర్పు చెప్పినది.

ఈ విద్యలో మన తెలుగువాని పేరు చెప్పకపోతే పాపం. గుంటూరు జిల్లాలో పుట్టిన డాక్టర్ యలవర్తి నాయుడమ్మగారు. 1948లో మద్రాసులో నెలకొన్న కేంద్ర తోళ్ళ పరిశోధనాలయానికి డైరెక్టరుగా పేరు తెచ్చారు. 1985లో కనిష్క విమాన దుర్ఘటనలో పోయారు. ఊరు దూరం పెట్టిన పనిని ప్రయోగశాలలోకి గౌరవంగా తెచ్చినవారిలో ఆయన ముఖ్యులు.

మన వైపు మరొక చిక్కు. వాటిల్ మన కొండ వాగుల ఒడ్డున తనంతట తాను అల్లుకుని నీళ్ళు త్రాగివేస్తున్నది. 1995నుండి ప్రభుత్వమే కూలీలను పెట్టి నరికిస్తున్నది. మా తాతగారు కూలికి ఒలిచిన చెట్టునే నేడు ఇంకొకరు కూలికి నరుకుతున్నారు. తోటలో కట్టుదిట్టంగా పెంచిన వాటిల్ వేరు, వాగులో పడ్డ వాటిల్ వేరు అని మా అభిప్రాయం. రెంటినీ ఒకే పేరుతో తిట్టడం సరికాదు.

ఈ బల్లమీద నాలుగు వస్తువులు ఉంచాము. తంగేడు చెక్క, వాటిల్ చెక్క, చెక్కతో పదునైన తోలు ముక్క, నీలి క్రోము ముక్క. పిల్లలు ముందు వాసన చూడండి, తరువాత వంచి చూడండి. నాన్నగారి మిల్లు టోకెను కూడా ఉన్నది. అది ఇనుముది. తడి చేతులతో తోలుమీద పెట్టకండి.