లాంతరు సొరలు



దీపమెందులకని యడిగినచో, చీకటిలోని వస్తువులను జూపుటకని పసివాడైనను జెప్పును. నేనును బడిలో నట్లే చెప్పుచు వచ్చితిని. కాని తన్ను దాచుకొనుటకే దీపము వెలిగించుకొను ప్రాణి యొకటి కలదు. దాని వృత్తాంతమును నేడు మనవి చేసెదను.

సొరయనగానే మనకు పడవంత చేప తోచును. అయినను సముద్రపు లోతులలో లాంతరు సొరలనెడి చిన్న చేపల కుటుంబమొకటి కలదు. శాస్త్రజ్ఞులు దీనికి ఎట్మాప్టెరిడే యని పేరిడిరి. ఇందు పెక్కుజాతులు రెండు మూరలకు లోబడినవే. కొలంబియా, వెనిజులా తీరములందుండి, 1985లో శాస్త్రమున కెక్కిన మరుగుజ్జు లాంతరు సొర జానెడు మాత్రమే. వీని వీపుమీద రెండు రెక్కలును, ఒక్కొక్క రెక్కకు ముందొక ముల్లును ఉండును.

వీనిలో మిక్కిలి పరిశోధింపబడినది 1758లో లిన్నేయసు పండితుడు వర్ణించిన అట్లాంటికు జాతి. ఇది తఱచుగా 200 మొదలు 500 మీటర్ల లోతున దిరుగును. అచ్చటికి పైనుండి మసక వెలుతురు మాత్రమే దిగును. సంజవేళ నాకసమున నెగురు గ్రద్దను క్రిందినుండి చూచిన నల్లగా గనబడును గదా! అట్లే యీ చేప నీడయు క్రిందనున్న శత్రువుల కంటబడవలెను. కాని దీని పొట్టనిండ సూదిమొనలవంటి దీపములు కలవు. అవి పైనుండి వచ్చు వెలుతురునకు సరిపోవునట్లు నీలికాంతితో వెలుగును, నీడ మాయమగును. ఈ దీపములను నడుపునవి నరములు గావనియు, హార్మోనులను దేహరసములే యనియు 2009లో వెల్లడియైనది. వీపుముండ్లకడను దీపములు గలవని 2013లో ప్రకటించిరి. ముల్లున్నదని శత్రువును హెచ్చరించుటకే యవి యని వారి యూహ. క్రింద దాగుటకు దీపము, పైని బెదరించుటకు దీపము!

ఇంత నేర్పుగల జీవికిని ఆపద తప్పలేదు. లోతునీటి రొయ్యలకై యీడ్చు పెద్దవలలో నివియు జిక్కును. వెలలేని సరకని వీనిని మరల సముద్రమున బాఱవైతురు; అప్పటికి బెక్కింటికి ప్రాణముండదు. ఇతర మత్స్యములవలె నివి లక్షల గ్రుడ్లు పెట్టవు. తల్లి గర్భమున బెరిగి, ఒక్క కాన్పున నించుమించు ఆఱు మొదలు ఇరువది పిల్లలు మాత్రమే పుట్టును. పోయినవానిని పూరించుట కెన్నియేండ్లు పట్టునో యోచింపుడు.

ఆ దీపము శత్రువు కన్నులను వంచింపగలదు. వలకు గన్నులు లేవు. కన్నులున్నది వల లాగు మనుష్యునకు. సంతలో వెల పలుకనిదెల్ల వ్యర్థము కాదని పెద్దలగు మీరు పిల్లలకు జెప్పవలెనని నా ప్రార్థన.