ఆంగ్లమునఁ బ్రశ్న యడుగుట



మన కోనసీమ గ్రామములలోఁ బదియవ తరగతి ముగించిన బాలు రనేకులు ఆంగ్లమున జవాబులు వ్రాయఁగలరు. ప్రశ్న మాత్రము అడుగఁజాలరు. ఇది చిన్న లోపము కాదు. రాజోలు, అమలాపురము ప్రాంతములనుండి అనేకులు జీవనార్థము కువైటు మొదలగు దేశములకుఁ బోవుచున్నారు. అచ్చటి కార్యస్థానములలో "జీతమెప్పు డిత్తురు? ఈ కాగితమున నేమి వ్రాసియున్నది?" అని యడుగలేనివాఁడు నోరుండియు మూగయే.

ఈ చిక్కు బుద్ధిమాంద్యమువలనఁ గలిగినది కాదు. భాషల స్వభావభేదమువలనఁ గలిగినది. తెలుఁగునఁ బ్రశ్నచిహ్నము తుద నుండును. "పడవ వచ్చినది" అను వాక్యమునకుఁ దుద దీర్ఘము చేర్చి "పడవ వచ్చినదా?" అన్నఁ జాలును, పదముల వరుస మాఱదు. ఆంగ్లమునందో, ప్రశ్న యని వాక్యారంభముననే తెలియవలెను. సంస్కృతము చదివినవారి కిది వింత గాదు. అందు "అపి" యను పదము మొదట నిలిచి ప్రశ్నను దెలుపును. ఆంగ్లమున నాపని "డిడ్", "డజ్", "ఈజ్" వంటి సహాయక్రియలు చేయును.

"ద బోట్ కేమ్" అనునది "డిడ్ ద బోట్ కమ్?" అగును. మన బాలురు తఱచుగా "డిడ్ ద బోట్ కేమ్?" అందురు. భూతకాలమును "డిడ్" మోయుచుండఁగా "కేమ్" కూడ మోయ నక్కఱలేదు. ఒక కావడిని మోయుటకు ఇద్దఱేల? "వేర్ యూ ఆర్ గోయింగ్?" అనుటయుఁ దెలుఁగు వరుసను విడువకుండుటయే. అందు "ఆర్" అనునది "యూ" కంటె ముందు నిలువవలెను. "హూ కేమ్?" అనుచోట మాత్రము "డిడ్" రాదు, అడిగెడు పదమే కర్త యగుటచే వరుస మార్చఁ బనిలేదు.

పాఠశాలలో నడుగువాఁ డెప్పుడును ఉపాధ్యాయుఁడే యైనచో బాలున కభ్యాస మెక్కడిది? నేను పాఠము చెప్పు దినములలో సంచిలో నొక వస్తువును దాఁచి, బాలురు ఆంగ్లమున నడిగి దానిని గనుఁగొనవలెనని నియమించెడివాఁడను. "ఈజ్ ఇట్ రౌండ్?" "డజ్ ఇట్ గ్రో ఆన్ ఎ ట్రీ?" అని పోటీపడి యడుగుచుండఁగా, సూత్రము కంఠస్థము గాకమున్నే వరుస నాలుక కెక్కెడిది.

ఆంగ్లము రాని పెద్దలును దోడ్పడవచ్చును. సాయంకాలము అరుఁగుమీఁదఁ గూర్చుండి, బాలుని మిమ్ము ఆంగ్లమున ఐదు ప్రశ్న లడుగు మనుఁడు. అర్థము వానిచేతనే చెప్పించి, తెలుఁగున బదులిండు. పిప్పలాదుని ఆరుగురు శిష్యు లడిగిన ప్రశ్నలవలన ఒక యుపనిషత్తునకే ప్రశ్నోపనిషత్తని పేరు గలిగిన దేశము మనది. బాలుఁడు తప్పుగా నడిగినను నవ్వకుఁడు. నవ్వితిరా, ఆ ప్రశ్న మఱల వాని నోట రాదు.