శాసనము, ధర్మము, దుమ్ముగూడెము

విశ్వవిద్యాలయములలో న్యాయశాస్త్రమును గూర్చియు, తత్త్వశాస్త్రమును గూర్చియు జరుగు ఉపన్యాసములను, చర్చాగోష్ఠులను మేము ప్రసారము చేసినప్పుడెల్ల కొందరు శ్రోతలు ఒకే మాట వ్రాయుచుందురు: ‘ఇవి పండితులు పండితులకు చెప్పుకొను సంగతులు, ఇంటిలో రేడియో ముందు కూర్చున్న మాకు వీనితో పని యేమి?’ ఆ ప్రశ్న తగినదే. దానికి సమాధానమును నేడు గోదావరి యొడ్డున, దుమ్ముగూడెములో వెదకుదము.

ముందుగా అట్టి గోష్ఠి యెట్లుండునో చూతము. 1957లో ఆక్స్‌ఫర్డు ఆచార్యుడు హార్ట్ అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయములో ఒక ఉపన్యాసము చేసినారు. శాసనము వేరు, నీతి వేరు. చెడ్డ శాసనము కూడ శాసనమే. దానిని పాటింపవలెనా, ధిక్కరింపవలెనా అనునది మనుష్యుడు తన అంతరాత్మతో తేల్చుకొనవలసిన వేరొక విషయము. ఇది ఆయన వాదము. హార్వర్డులోని ఆచార్యుడు ఫుల్లర్ దీని నంగీకరింపలేదు. మరుసటి యేడు ఇద్దరి వాదములును ఒకే పత్రికలో అచ్చయినవి. వారి యెదుట నున్న ఉదాహరణము జర్మనీకి చెందినది. హిట్లరు కాలమున ఒక స్త్రీ, తన భర్త హిట్లరును దూషించినాడని అధికారులకు తెలిపి అతనికి శిక్ష వేయించినది. యుద్ధానంతరము ఆమెపై విచారణ జరుగగా, నాటి శాసనము ప్రకారము తాను చేసినది తప్పు కాదని వాదించినది. శాసనము ఒప్పుకొన్నంతమాత్రమున పని న్యాయమగునా? ఇదియే వివాదము.

మనకీ చింతన క్రొత్త కాదు. ‘న్యాయము’ అను మన మాటయే రెండు శాస్త్రములకును చెందినది. గౌతముని పేర వెలసిన దర్శనము న్యాయము. తీర్పు చెప్పు చోటు న్యాయస్థానము. 1926లో నెలకొన్న ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు 1931 నుండి 1936 వరకు వైస్ ఛాన్సలరుగా నున్నవారు తత్త్వవేత్త సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. ఇట్టి చర్చలకు మన నేల గొడ్డుది కాదు.

ఇక దుమ్ముగూడెము. భద్రాచలమునకు ఎగువన, గోదావరి యెడమ గట్టున ఉన్న ఊరు. 19వ శతాబ్దిలో పడవల రాకపోకలకై తలపెట్టిన పనులలో కట్టిన ఆనకట్ట అచ్చట కలదు. ఆ పనులు 1871లో నిలిచిపోయినవి. చుట్టును కోయల పల్లెలు. ఒకప్పుడు కార్యక్రమము పనిమీద అటు వెళ్లి ఒక చింతచెట్టు క్రింద కూర్చొనియుండగా, ఒక కోయ వృద్ధుడు మమ్మడిగినాడు: ‘అయ్యా, ఇది మా తాత దున్నిన చెలక. కాగితం వాళ్ల దగ్గరున్నది. అడుగుతే, మీవాడు వేలిముద్ర వేసినాడంటున్నరు. ఏది నిజమంటారు?’ మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. ఆక్స్‌ఫర్డు ఆచార్యుడును, హార్వర్డు ఆచార్యుడును వాదించుకొన్నది ఈ ప్రశ్ననే కదా అని తరువాత తోచినది.

వేలిముద్ర వేసినవాడు ఒప్పుకొన్నట్లే అనుట మామూలు సూత్రము. కాని విత్తనముల వేళ, ఆకలి వేళ, చదువు రానివాడు షావుకారు ముందు వేసిన ముద్ర స్వేచ్ఛతో వేసినది అగునా? ఈ సందేహము శాసనకర్తలకును కలిగినది. మద్రాసు ప్రభుత్వపు 1917 నాటి చట్టము, ఏజెన్సీ ప్రాంతమున గిరిజనుడు గిరిజనేతరునికి చేసిన భూమి బదిలీ అధికారి అనుమతి లేనిదే చెల్లదన్నది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిదప 1959 నాటి 1వ రెగ్యులేషన్ ఆ రక్షణను నిలిపినది. 1970 నాటి 1వ రెగ్యులేషన్ మరి రెండడుగులు ముందుకు వేసినది. అమ్మువాడు ఎవరైనను, షెడ్యూల్డు ప్రాంతపు భూమి గిరిజనులకో, గిరిజనుల సహకార సంఘములకో తప్ప చెందరాదన్నది. గిరిజనేతరుని చేతిలో నున్న భూమి గిరిజనుని నుండియే వచ్చినదని ముందుగా భావింపవలెననియు, కాదని రుజువు చేయు భారము అతనిదేననియు చెప్పినది. అనగా వృద్ధుని ప్రశ్నను శాసనము తిరుగవేసి కాగితము గలవానినే అడిగినది: ‘ఇది నీకెట్లు వచ్చినది?’

ఇచ్చట రెండవ పక్షమును గూడ వినవలెను. తరముల క్రితము వచ్చి, సక్రమముగా కొని, అడవి గట్టున చెమటోడ్చిన గిరిజనేతర రైతు కలడు. బిడ్డ పెండ్లికి ఎకరము అమ్మబోయిన, కొనదగినవారు కొందరే. ‘నేనేమి తప్పు చేసితిని?’ అని అతడు అడుగును. ఆ దుఃఖమును తేలిక చేయరాదు. 1970 నాటి రెగ్యులేషన్ రాజ్యాంగబద్ధమేనని సుప్రీంకోర్టు 1988లో పి. రామిరెడ్డి కేసులో తీర్పు చెప్పినది. షెడ్యూల్డు ప్రాంతముల పాఠశాలలలో ఉపాధ్యాయ పదవులన్నియు స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి ప్రభుత్వ ఉత్తరువును 2020లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము కొట్టివేసినది. ఒకచోట రక్షణ నిలిచినది, ఒకచోట సమానత్వము దానికి హద్దు గీసినది. ఆ హద్దు ఎచ్చట నుండవలెనో చెప్పుటకు చట్టపు పుస్తక మొక్కటి చాలదు. సమానత్వ మనగా నేమో విచారింపవలెను. అందుకే విశ్వవిద్యాలయములలో ఆ గోష్ఠులు.

అయితే గోష్ఠి అచ్చటనే ఆగిపోరాదు. ఫుల్లర్ 1963లో యేల్ విశ్వవిద్యాలయములో చేసిన ఉపన్యాసములు మరుసటి యేడు పుస్తకమైనవి. అందులో రెక్స్ అను రాజు కథ కలదు. అతడు మంచి శాసనములు చేయబోయి ఎనిమిది విధముల విఫలుడగును. తన నియమములను జనులకు ప్రకటింపకపోవుట ఒక విధము. వారికి అర్థము కాకుండునట్లు వ్రాయుట ఇంకొకటి. శాసనము శాసనమగుటకే అది వినబడవలెను, తెలియవలెను అని ఫుల్లర్ భావము. ఈ మాట దుమ్ముగూడెమునకు సూటిగా తగులును. 1970 నాటి రక్షణ ఉన్నదని ఆ వృద్ధునికి మేము చెప్పువరకు తెలియదు. తెలియని రక్షణ, గొళ్లెము లేని తలుపు.

కావున మా మనవి యిది. న్యాయశాస్త్ర, తత్త్వశాస్త్ర సదస్సులలో ఏటేట ఒక్కటైనను భద్రాచలములోనో, దుమ్ముగూడెములోనో జరుగవలెను. కోయమాటలో చెప్పువారు వేదికపై నుండవలెను; కోయ రైతును, గిరిజనేతర రైతును ముందు వరుసలో కూర్చుండవలెను. ఆచార్యులు చెప్పుటకే గాక వినుటకును రావలెను. 1948లో తత్త్వవేత్త బెర్ట్రాండ్ రస్సెల్ అధికారమును, వ్యక్తిని గూర్చి బి.బి.సి.లో ఆరు ప్రసంగములు చేసినారు. తత్త్వవిచారము ఇంటింటికి చేరగలదనుటకు అది తార్కాణము.

ఆ వృద్ధుడు తన అర్జీని వ్రాయించుకొని అధికారి యొద్దకు పోయెదనన్నాడు. తీర్పు ఎటు వచ్చునో చెప్పుట మా పని కాదు. కాని ఆతడు లేచునప్పుడు, ‘అడగొచ్చునన్న మాట’ అని తనలో తాననుకొనెను. వీనితో మాకు పని యేమి అని వ్రాయు శ్రోతలకు మా సమాధానము ఆ మాటయే.