తెగిన నరం, ఒక పాత ప్రశ్న



ప్రయోగశాలలో పొగచూరిన డ్రమ్ము మీద కప్ప కండరం చేత గీతలు గీయించిన తరం మనది. ఇప్పటి పిల్లలు అదంతా కంప్యూటరు తెర మీదే చూస్తున్నారు. కప్పలకు మంచిదే. మన చేత ఆ కప్పలు కోయించిన మాస్టారు వైవాలో తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుండేది. "నరం తెగితే, కణానికి దూరమైన ముక్క ఎందుకు చస్తుందోయ్?" మనం ఠక్కున "పోషణ అందక సార్" అనేవాళ్లం. "ఎవరు చూశారు?" అనేవారు. మార్కులు మాత్రం వేసేవారు. ఇవాళ్టి నా ప్రసంగం ఆ రెండో ప్రశ్న గురించి.

1850లో లండన్ కెన్సింగ్టన్‌లో ప్రాక్టీసు చేసుకుంటున్న ఆగస్టస్ వాలర్ అనే డాక్టరు, కప్ప నాలుకకు వెళ్లే నరాల్ని కోసి రోజులు లెక్కపెట్టుకుంటూ మైక్రోస్కోపులో చూశాడు. నాలుగైదు రోజులకల్లా కోతకు అవతలి తంతువులు విరిగిన పాలలా అయిపోయాయి. ఇవతలివి బాగానే ఉన్నాయి. కణమే తంతువును పోషించే కేంద్రమని తర్వాత ప్రతిపాదించాడు. ఆయన చూసింది నిజం. ఊహించింది కూడా అంతే నిజమని మనం నూటముప్పై ఏళ్లకు పైగా అనుకున్నాం. ఇదంతా మీకు తెలిసిందే. ఆ తర్వాతి యాభై ఏళ్లు ఎక్కువగా రంగుల పద్ధతులు వెతకడంతో సరిపోయాయి. నాకు ఆ కాలం మీద పెద్ద మమకారం లేదు, దాటేస్తున్నాను.

నేను తిష్ఠ వేసింది 1901 నుంచి 1914 దాకా. ఆ పదమూడేళ్లు చదవడానికి నాకు పంతొమ్మిదేళ్లు పట్టింది.

1901లో స్ట్రాస్‌బుర్గ్‌లో ఆల్బ్రెక్ట్ బేటె పెద్ద మాటే అన్నాడు. లేత వయసు జంతువుల్లో నరాన్ని కోసి, రెండు కొసలూ కలవకుండా చేసినా, కణంతో సంబంధం లేని అవతలి ముక్కలో కొత్త తంతువులు వాటంతట అవే పుట్టాయన్నాడు. అంటే తంతువు కణానికి కొమ్మ కాదు, దారి పొడవునా ఉన్న ష్వాన్ కణాలు తలో ముక్కా నేసి అతికించినది. ఇదే నిజమైతే మాడ్రిడ్‌లో శాంటియాగో రమోన్ ఇ కహాల్ నిలబెట్టిన, ప్రతి నరకణం తన తంతువుతో సహా ఒక విడి కణమనే న్యూరాన్ సిద్ధాంతం కూలిపోవాలి. (మనం "కాజల్" అని చదివినప్పుడల్లా మాస్టారు నుదురు కొట్టుకునేవారు.)

కహాల్ 1903లో వెండి లవణంతో తంతువుల్ని నల్లగా తేల్చే కొత్త పద్ధతి పట్టుకున్నాడు. దానితో చూస్తే, కోత పడిన కొద్ది కాలానికే ఇవతలి కొస నుంచి సన్నని మొలకలు లేచి, మచ్చకట్టిన కణజాలంలో దారి వెతుక్కుంటూ అవతలి ముక్కలోకి చేరుతున్నాయి. ఒక్కో మొలక చివర చిన్న ఉబ్బు. బేటె చూసిన తంతువులు చుట్టుపక్కల తెగిన నరాల నుంచి దొంగదారిన వచ్చినవే. కేంబ్రిడ్జిలో లాంగ్లీ, ఆండర్సన్ కూడా 1904లో ఆ మాటే తేల్చారు. నాకు బాగా ఇష్టమైన ఘట్టం మాత్రం పావియాలో జరిగింది. కహాల్ ప్రత్యర్థి గోల్జీ ప్రయోగశాలలోనే పెరోంచిటో అనే కుర్రవాడు తెగిన నరాల్ని పరిశీలించి, మొలకలు ఇవతలి కొస నుంచే వస్తున్నాయని 1905లో చెప్పాడు. మరుసటేడు గోల్జీ, కహాల్ నోబెల్ పంచుకున్నారు. ఆ వేదిక మీద కూడా గోల్జీ న్యూరాన్ సిద్ధాంతాన్ని ఖండించాడు. సొంత ఇంట్లో దీపం వెలుగుతుంటే కళ్లు మూసుకోవడం అంటే ఇదే. 1907లో అమెరికాలో రాస్ హారిసన్, కప్ప పిండం ముక్కను శోషరస బిందువులో వేలాడదీసి, తంతువు కణం నుంచి పెరగడం కళ్లారా చూశాడు. నరాన్ని ఒంటి బయట చదివే పని అక్కడ మొదలైంది.

ఇక్కడ కాస్త పోట్లాటకు దిగుతాను, మన్నించండి. మెదడు, వెన్నుపాము తంతువులు తిరిగి పెరగవని కహాల్ తీర్పిచ్చాడని పుస్తకం తర్వాత పుస్తకం రాస్తుంది. 1913–14లో రెండు సంపుటాలుగా వచ్చిన ఆయన గ్రంథంలో అలాంటి దిగులు మాట ఉంది, కాదనను. ఆ వెంటనే, వీలైతే ఈ కఠిన తీర్పును మార్చడం రేపటి శాస్త్రం పని అని కూడా ఉంది. ఆ రెండో మాటను మనవాళ్లు వదిలేస్తారు. నరం కోసినవాళ్ల గురించి చెప్పుకున్నాం, వాక్యం కోసేవాళ్లను ఏమనాలి? ఆ గ్రంథం అర్జెంటీనాలోని స్పానిష్ వైద్యుల చందాలతో స్పానిష్‌లో అచ్చయింది. ఇంగ్లీషులోకి 1928లో గాని రాలేదు. చదవకుండా ఉదహరించే అలవాటు అప్పుడే పడిందని నా అనుమానం. ఇదే రాసి పంపితే, కహాల్‌ను ఆశావాదిని చేస్తున్నారంటూ ఒక సమీక్షకుడు తిప్పికొట్టాడు. నేను ఆశావాది అనలేదు. తెయోను చూడమన్నాను, అంతే. కహాల్ శిష్యుడు ఫ్రాన్సిస్కో తెయో 1911లో కుందేలు మెదడులో సయాటిక్ నరం ముక్క నాటితే, మెదడు తంతువులు అందులోకి పెరిగాయి. తంతువుకు శక్తి ఉంది, చుట్టూ ఉన్న నేలే పెరగనివ్వడం లేదు. 1940లలో ఆక్స్‌ఫర్డ్‌లో లె గ్రో క్లార్క్ మళ్లీ చేసి, కాదు పొమ్మన్నాడు. ఏ తంతువు ఎక్కడిదో ఆనాటి రంగులతో తేల్చడం కష్టం, ఆయన్ని తప్పుపట్టను. 1981లో మాంట్రియల్‌లో డేవిడ్, అగ్వాయో ఎలుక మెడుల్లా నుంచి వెన్నుపాముకు నరం ముక్కతో వంతెన వేసి, తంతువుల పుట్టుక ఎక్కడో గుర్తువేసి మరీ చూపించారు. తంతువులు దాదాపు 3 సెంటీమీటర్లు పెరిగాయి. తెయో గెలవడానికి 70 ఏళ్లు!

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. మిగిలింది పరుగే.

హారిసన్ దారిలోనే 1977లో క్యాంపెనో అనే పరిశోధకుడు, కణాలు ఒక గదిలో, తంతువులు వేరే గదిలో పెరిగే పాత్ర చేశాడు. 1983లో పొవ్లిషాక్ అనే పరిశోధకుడు, తలకు దెబ్బ తగిలిన క్షణంలోనే తంతువులన్నీ తెగవనీ, చాలావరకు గంటల తర్వాత ఉబ్బి విడిపోతాయనీ చూపించాడు. రోగికి ఆ గంటలే ముఖ్యం. 1995లో కణాల్ని రబ్బరులాంటి పొర మీద పెంచి, గాలి దెబ్బతో 50 మిల్లీసెకన్లలో సాగదీసే పరికరం వచ్చింది. రోడ్డు ప్రమాదాన్ని గిన్నెలోకి దించారన్నమాట.

మాస్టారి ప్రశ్నకు జవాబు మాత్రం ఒక చిట్టెలుక చెప్పింది. 1989లో ఆక్స్‌ఫర్డ్ ప్రయోగశాలలో ఒక జాతి చిట్టెలుకల నరాలు కోస్తే, ఒకటి రెండు రోజుల్లో పోవాల్సిన అవతలి ముక్క రెండు వారాలైనా బతికే ఉంది. పోషణ లేకపోయినా! 2012లో సార్మ్1 అనే ప్రోటీను లేకపోతే తెగిన తంతువు త్వరగా చావదని తేలింది. అది తంతువు బతకడానికి కావలసిన అణువైన ఎన్‌ఏడీని స్వయంగా ముక్కలు చేస్తుందని 2017లో తెలిసింది. కణం నుంచి ఆగకుండా రావాల్సిన ఒక ఎంజైము అందకపోతే సార్మ్1 అనే ఈ మీట పడుతుంది. కాబట్టి వాలర్ పూర్తిగా తప్పు కాదు, కానీ ఇది ఆకలిచావు కూడా కాదు.  

వరండాలో ఒక మైక్రోస్కోపు పెట్టించాం. కింద ఉన్నది మాస్టారు స్వయంగా వెండి రంగు వేసిన స్లైడు, తెగిన నరానిది. టీకి వెళ్లేముందు ఒక్కసారి కన్ను పెట్టి చూడండి. స్లైడును మాత్రం కదపకండి.