వుడ్‌చక్ కాలేయం



ఉత్తర అమెరికాలో వుడ్‌చక్ అనే జంతువుంది. ఉడుతకు చుట్టం. పిల్లి అంత ఉంటుంది, బొరియల్లో బతుకుతుంది. ఫిలడెల్ఫియా జంతు ప్రదర్శనశాలలో ఇవి కాలేయ క్యాన్సర్‌తో చనిపోతుంటే, ఎందుకా అని వెతికారు. ఒక వైరస్ దొరికింది. 1978లో ఆ సంగతి లోకానికి చెప్పారు. ఆ వైరస్, మనుషుల కాలేయానికి సోకే హెపటైటిస్-బి వైరస్‌కు దగ్గరి చుట్టం.

ఇదెందుకు ముఖ్యం? ప్రయోగశాల ఎలుకలో చాలాసార్లు క్యాన్సర్ కణాలను బయటినుంచి ఎక్కిస్తారు. వుడ్‌చక్‌లో అలా కాదు. మనిషిలోలాగే, వైరస్‌తో ఏళ్లు నలిగిన కాలేయంలోనే గడ్డ పుడుతుంది. అలసిపోయిన రోగనిరోధక శక్తిని లేపడం ఎంత కష్టమో అక్కడే తెలుస్తుంది.

ఇంటర్‌ల్యూకిన్-12 అనే ప్రొటీన్ రక్షణ కణాలను తట్టి లేపుతుంది. దాని జన్యువును మరో వైరస్‌లో పెట్టి, సూదితో నేరుగా వుడ్‌చక్ గడ్డలోకి ఎక్కించారు. గడ్డలు కుంచించుకుపోయాయి. లోపల టి-కణాలనే రక్షణ కణాలు గుంపులుగా చేరాయి! అయినా తొందరపడకూడదు. ఇదే ప్రొటీన్ మోతాదు మించితే ఒంటికే ప్రమాదం. అది ముందే తెలుసుకోవడానికే జంతువుల మీద పరీక్ష. వాటి ప్రాణాలకు మనం రుణపడి ఉన్నాం.

ఒక్కమాట గుర్తుంచుకోండి. వైరస్‌తో మొదలయ్యే ఈ క్యాన్సర్‌ను ముందే అడ్డుకోవడానికి మనకు హెపటైటిస్-బి టీకా ఉంది. బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు మొదటి డోసు వేయించండి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం.