పీటరు – తోడేలు

మా రాయదుర్గపు బండల నడుమ అద్దాల మేడలు లేచిన ఈ దినములలో మనుమలు చెవులను మూసికొని ఏమేమో వినుచుందురు. ఒకనాడు నేనును అడిగి వింటిని. అది రష్యా దేశపు నవ్యసంగీతకర్త సెర్గేయ్ ప్రొకోఫియెవు 1936లో మాస్కో బాలల నాటకశాలకై రచించిన ‘పీటరు – తోడేలు’.

ఇందు ఒకరు కథ చెప్పుచుండగా ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క వాద్యము పలుకును. పిట్టకు పిల్లనగ్రోవి, పిల్లికి క్లారినెట్టు, తోడేలునకు మూడు కొమ్ములు, పీటరను బాలునకు వయొలిన్ మొదలగు తంత్రీవాద్యములు. బాతునకు ఓబో, అది మన సన్నాయివలె జంటరెల్లుతో పలుకునది. తాతకు బసూను. గొణుగుచు గద్దించు ఆ ధ్వని విన్నంతనే మన యూరి రచ్చబండ తలంపునకు వచ్చును! హరిదాసు ఒక్కడే గొంతు మార్చి చేయు పనిని ఇచట వాద్యములు పంచుకొన్నవి.

తాత వాకిలి మూయగా, బాలుడు గోడనెక్కి, చెట్టుకొమ్మ నుండి ఉచ్చు వదలి తోడేలు తోకను పట్టును. అందరును మెచ్చిరి. తాత మాత్రము, పట్టలేకపోయిన నేమయ్యెడిదని అడుగుచునే యుండును. ఆ ప్రశ్న తప్పని నేను చెప్పజాలను.

1948లో సోవియటు కమ్యూనిస్టుపక్షము, ఆయన సంగీతము ప్రజలకు దూరమైనదని నిందించెను. కొన్ని కృతులు నిషేధింపబడెను. 1953 మార్చి 5న, స్టాలిను మరణించిన దినముననే, ఆయనయు గతించెను. ఆ పెద్దవార్తలో ఈ చిన్నవార్త మునిగిపోయెను.

తోడేలు తొందరలో బాతును ప్రాణముతోనే మ్రింగినది. కథ ముగియువేళ దాని కడుపులో నుండి ఓబో మెల్లగా పలుకును. చెవియొగ్గి వినుడు.