లోహశోధిని - నాణెముల వేట

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



దుక్కి దున్నునపుడు నాగటిచాలులో పాతకాలపు కాసు తళుక్కుమనుట పల్లెటూళ్ళలో వింత కాదు. వానకు గట్టు కోసికొనిపోయినపుడును, పాతగోడ పునాది త్రవ్వునపుడును కాసులు దొరకిన కథలు పెద్దలు చెప్పుచుందురు. పూర్వమిది కేవలము అదృష్టమునకు వదలిన పని. ఇప్పుడు నేలపై నిలిచియే లోపలి లోహమును పసిగట్టు యంత్రము వచ్చినది. దానిని మెటల్ డిటెక్టరు అందురు. తెలుగున లోహశోధిని యనవచ్చును. పాశ్చాత్య దేశములందు అనేకులు దీనిని తీరిక వేళల వినోదముగా అభ్యసించుచున్నారు. ఈ విద్యను నేర్చుట యెట్లు, నేర్చినవాడు ఎచ్చట ఆగవలెను అనునవి నేటి ప్రసంగ విషయములు.

యంత్రము చూచుటకు సామాన్యమే. పొడవైన కాడ చివర పళ్ళెము వంటి భాగము, దానిలో రాగితీగ చుట్టలు. ఒక చుట్టలో దిశ మారుచుండు విద్యుత్తు ప్రవహించుటచే అయస్కాంత క్షేత్రము ఏర్పడును. అది నేలలోని లోహమును తాకినపుడు ఆ లోహమునందు సన్నని సుడివిద్యుత్తు పుట్టి, మరియొక క్షేత్రమును కలిగించును. దానిని రెండవ చుట్ట గ్రహింపగా యంత్రము ధ్వనిగా మార్చి చెవికి అందించును.

దీని చరిత్ర పాతది. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డు తుపాకిగుండు తగిలి మంచము పట్టినపుడు, టెలిఫోను నిర్మాత అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఇట్టి సాధనముతో దేహములోని గుండును వెదకెను. కాని అది దొరకలేదు. పరుపు క్రింది ఉక్కు తీగలు యంత్రమును తికమక పెట్టెననియు, వైద్యులు ఒక ప్రక్కనే వెదకనిచ్చిరనియు చెప్పుదురు. రెండవ ప్రపంచ సంగ్రామమున పోలండు సైనికాధికారి కొసాట్స్కీ రూపొందించిన శోధిని భూమిలో పాతిన మందుపాతరలను కనిపెట్టుటకు 1942లో ఎల్ అలమీన్ రణరంగమున ఉపకరించెను.

బెల్ అనుభవమే నేర్చువానికి మొదటి పాఠము: యంత్రము లోహమున్నదని చెప్పును గాని, అది యేదో నిశ్చయముగా చెప్పజాలదు. సీసా మూత, మేకు, అల్యూమినియపు రేకు, నాణెము - అన్నియు కూయును. కూతలోని భేదమును చెవి నేర్వవలెను. అందుకై తొలుత పెరటిలోనే అభ్యసించుట మేలు. ఒక నాణెమును జానెడు లోతునను, మరియొకదానిని నాలుగు వ్రేళ్ళ లోతునను, వేరుగా ఒక మేకును, రేకుముక్కను పాతిపెట్టి, ఒక్కొక్కదాని ధ్వనిని పలుమారులు వినవలెను.

పిమ్మట నడక. పళ్ళెమును నేలకు సమముగా, నేల తాకీతాకనట్లు పట్టి, మెల్లగా కుడియెడమలకు ఆడించవలెను. చేతిని చివరలందు పైకెత్తినచో లోతు తగ్గిపోవును. ఒక ఊపు తుడిచిన చోటులో కొంతభాగము రెండవ ఊపులోనికి రావలెను; విత్తువాడు సాలు వదలనట్లే ఇదియు. రెండు దిక్కులనుండియు ఒకే తీరున పలికిన ధ్వని నమ్మదగినది. ఒక దిక్కున పలికి వేరొక దిక్కున విరిగిపోవునది తరచుగా తుప్పుపట్టిన ఇనుము. గురుతు దొరకినచోట అడ్డముగను నిలువుగను పళ్ళెమాడించి, ఆ రెండు రేఖలు కలియుచోట బొరిగెతో చిన్న గుంట తీయవలెను. పని ముగిసిన వెంటనే గుంటను పూడ్చివేయవలెను. దొరకిన కాసును చింతపండుతోనో, బూడిదతోనో తోమరాదు. తోమినచో మీది అక్షరములు అరిగి ఆనవాలు పోవును.

ఇంతవరకు చేతిపని. అసలు పరీక్ష కాసు దొరకిన తరువాతనే ఆరంభమగును. ఇందుకు ఇంగ్లండులోని సఫోక్ ప్రాంతమున హాక్స్‌న్ గ్రామములో జరిగినది గొప్ప నిదర్శనము. ఎరిక్ లాస్ అను తోటమాలికి ఉద్యోగ విరమణ సమయమున ఒక లోహశోధిని కానుకగా వచ్చెను. 1992 నవంబరు 16వ తేదీన, మిత్రుడగు రైతు పొలములో పోగొట్టుకొన్న సుత్తిని వెదకిపెట్టుటకై ఆయన దానిని తీసికొని బయలుదేరెను. యంత్రము గట్టిగా పలికెను. త్రవ్వగా వెండి చెంచాలు, బంగారు నగలు, లెక్కకు మించిన నాణెములు! వానిలో కొంత తీసిన పిమ్మట ఆయనకు సంగతి బోధపడెను. అంతట త్రవ్వుట మాని, భూమికి హక్కుదారులకును పోలీసులకును వార్త నందించెను. మరునాడే పురావస్తు శాఖవారు వచ్చి మిగిలినదానిని పద్ధతిగా వెలికితీసిరి.

తేలిన లెక్క యిది: బంగారు నాణెములు 569, వెండివి 14,272, కంచువి 24, మొత్తము 14,865. అన్నియు రోమను సామ్రాజ్యపు తుదికాలమునాటివి. ఆయన ఆగినందువలననే అవి ఒక ఓకుకొయ్య పెట్టెలో అమర్చబడినవనియు, లోపల చిన్న పెట్టెలుండెననియు, గిన్నెల నడుమ గడ్డి పెట్టబడెననియు పండితులకు తెలిసినది. అందులో మిరియాలపొడి చల్లుకొను వెండి పాత్రలు నాలుగు కలవు. ఆనాడు మిరియము మన దేశపు పడమటి తీరమునుండి ఓడలపై పోయెడిది! లాస్ గారికి 17 లక్షల 50 వేల పౌండ్ల పారితోషికము లభింపగా, ఆయన దానిని రైతుతో పంచుకొనెను. వెదకబోయిన సుత్తియు దొరకినది. అదియు నేడు బ్రిటిషు మ్యూజియములోనే యున్నది.

ఇక మన గడ్డ సంగతి. జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డునున్న కోటిలింగాలలో శాతవాహన వంశీయుడగు చిముకుని పేర నాణెములును, అంతకు ముందటి గోబద, నారన, కంవాయ, సిరి సమగోపుల నాణెములును దొరకినవి. అవి ఫలానా చోట దొరకినవని తెలియుటవలననే తొలి శాతవాహనుల చరిత్రలో తెలుగునేలకు గల స్థానమును చరిత్రకారులు చర్చింపగలిగిరి. అవే కాసులు కంసాలి మూసలో కరగియుండినచో, లేక ఊరు పేరు లేక సంతలో అమ్ముడుపోయియుండినచో, ఆ రాజుల పేరులు వాని తోడనే పోయియుండును. చోటు తెలియని నాణెము సర్వే నెంబరు లేని దస్తావేజు వంటిది. కాగితము మంచిదే, కాని ఏ భూమికిని సాక్ష్యము పలుకదు.

గుప్తనిధుల ఆశతో పాడుపడిన గుళ్ళను రాత్రివేళ త్రవ్వువారు పోగొట్టునది ఈ సాక్ష్యమునే. చట్టమును వారికి అనుకూలము కాదు. 1878నాటి నిక్షేప చట్టము ప్రకారము పది రూపాయలకు మించిన నిక్షేపము దొరకినచో కలెక్టరుకు వ్రాతపూర్వకముగా తెలుపవలెను. దాచినవానికి ఒక సంవత్సరము వరకు కారాగార శిక్షయో, జరిమానాయో, రెండునో విధింపవచ్చును. రక్షిత కట్టడముల ఆవరణములో అనుమతి లేక త్రవ్వుటయు నేరమే.

కావున ఈ రజతోత్సవ సందర్భమున ఒక చిన్న మనవి. గ్రంథాలయములో ఒక చిట్టా పుస్తకము ఉంచుట యుక్తము. దున్నునపుడో, బావి త్రవ్వునపుడో పాత కాసు, పెంకు, రాతివ్రాత యేది బయటపడినను తేదీ, సర్వే నెంబరు, ఎంత లోతు, ఎవరికి దొరకినది అను నాలుగు విషయములు అందులో వ్రాసి, పిమ్మట అధికారులకు తెలుపవచ్చును. దానికి యంత్రమక్కరలేదు; ఒక కలము చాలును. యంత్రము కొనగలిగినవాడు నేలను వెదకనేర్చును. ఎప్పుడు త్రవ్వుట మానవలెనో తెలిసినవాడే ఆ నేల చెప్పు మాటను ముందుతరములకు అందించును.